ఎజైల్ ప్రాజెక్టుల్లో దీర్ఘకాలిక ప్రయోజనాలు: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

ఎజైల్ పద్ధతిలో సాఫ్ట్‌వేర్‌ను స్ప్రింట్ అనే చిన్న విడతలుగా కడతారు. రెండు వారాల స్ప్రింట్ ముగిసేసరికి టీమ్ చేతిలో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దాని కోసం డబ్బు పెట్టిన సంస్థకు రావాల్సిన లాభం మాత్రం ఏడాదికో రెండేళ్లకో గానీ కనిపించదు. ఈలోగా టీమ్‌లో సగం మంది మారిపోతారు, స్పాన్సర్ ఇంకో విభాగానికి వెళ్లిపోతారు, ఖర్చెంత, లాభమెంత అని చూపిస్తూ మొదట్లో అందరూ సంతకాలు పెట్టిన బిజినెస్ కేసు పత్రాన్ని మళ్లీ తెరిచి చూసేవాళ్లు ఉండరు. ప్రాజెక్టు విజయవంతంగా పూర్తయిందని రిపోర్టులో రాసుకుంటారు. అనుకున్న లాభం వచ్చిందా అని అడిగితే జవాబు చెప్పగలిగే మనిషి దొరకడు.

ఈ ఖాళీని పూడ్చడానికి చాలా పద్ధతులే ఉన్నాయి. బెనిఫిట్స్ రిజిస్టర్ (లాభాల పట్టిక), డిపెండెన్సీ నెట్‌వర్క్ (ఏది దేని మీద ఆధారపడిందో చూపే బొమ్మ), ఓకేఆర్ (లక్ష్యాలు, కీలక ఫలితాలు), కాస్ట్ ఆఫ్ డిలే (ఆలస్యం వల్ల కలిగే నష్టం) లెక్కలు, ఎవిడెన్స్ బేస్డ్ మేనేజ్‌మెంట్ (ఆధారాలు చూసి నడిపించడం). చాలాచోట్ల పైనున్నవారికి ఏది తెలిస్తే అదే అమల్లోకి వచ్చేస్తుంది. దానికి బదులు, మీకు రావాల్సిన లాభం ఎలాంటిదో చూసి పద్ధతిని ఎంచుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. ఏ పద్ధతి తీసుకున్నా, లాభం వచ్చే రోజున దాని గురించి జవాబు చెప్పే మనిషి ఒకరు ఉండేలా చూసుకోకపోతే మిగతాదంతా కాగితాల పనే.

చిక్కు ఎక్కడ మొదలవుతుంది

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం స్నోబర్డ్‌లో 17 మంది సమావేశమై ఎజైల్ మ్యానిఫెస్టో రాశారు. దాని వెంట ఉన్న 12 సూత్రాల్లో మొదటిదే విలువ గురించి మాట్లాడుతుంది: విలువైన సాఫ్ట్‌వేర్‌ను త్వరగా, ఎడతెగకుండా అందించి కస్టమర్‌ను సంతృప్తి పరచాలి. అదే జాబితాలో ఇంకో సూత్రం కూడా ఉంది: పనిచేసే సాఫ్ట్‌వేరే పురోగతికి ప్రధాన కొలమానం. రోజువారీ పనిలో ఈ రెండోదే గెలుస్తుంది, ఎందుకంటే దాన్ని లెక్కపెట్టడం సులువు. ఎన్ని స్టోరీలు (చిన్న చిన్న పనులు) ముగిశాయి, వెలాసిటీ (ఒక స్ప్రింట్‌లో పూర్తయ్యే పని) ఎంత, ఎన్ని రిలీజ్‌లు వెళ్లాయి అన్నవి ప్రతి స్ప్రింట్ చివర కళ్లెదురుగా ఉంటాయి. కస్టమర్‌కు, సంస్థకు ఏం మేలు జరిగిందన్నది అలా కళ్లకు కనబడదు.

ఎజైల్‌లో బాగా వాడే చట్రం స్క్రమ్. దాని మూలపత్రమైన స్క్రమ్ గైడ్ ప్రకారం టీమ్ పనికి గరిష్ఠ విలువ రాబట్టే బాధ్యత, ఏ పని ముందో నిర్ణయించే ప్రొడక్ట్ ఓనర్‌ది. 2020 ఎడిషన్‌లో ప్రొడక్ట్ గోల్ (టీమ్ చేరాల్సిన దీర్ఘకాలిక లక్ష్యం) అన్నది కూడా చేరింది. కానీ ఆ విలువను దేనితో కొలవాలి, విడుదలైన ఎన్నాళ్లకు కొలవాలి అన్నది గైడ్ చెప్పదు. అది కావాలనే క్లుప్తంగా ఉంచిన చట్రం, అందులో తప్పేమీ లేదు. మిగిలినది సంస్థ నింపుకోవాలి. నింపుకోకుండా వదిలేసి, రెండేళ్ల తర్వాత ఎజైల్ వల్ల ఏమీ ఒరగలేదని అనుకోవడం న్యాయం కాదు.

ఎంచుకునే ముందు వేసుకోవాల్సిన మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: రిలీజ్‌కు, లాభానికి మధ్య ఎంత దూరం ఉంది? ఆన్‌లైన్ కొనుగోలులో చెల్లింపు స్క్రీన్‌ను సులువు చేస్తే ఫలితం వారంలోనే తెలుస్తుంది. పాత బిల్లింగ్ వ్యవస్థను మార్చేస్తే నిర్వహణ ఖర్చు తగ్గడానికి పాతది పూర్తిగా ఆపేసే రోజు దాకా ఆగాలి. అప్పటివరకూ రెండు వ్యవస్థలూ నడపాలి కాబట్టి ఖర్చు నిజానికి పెరుగుతుంది. ఈ రెండింటినీ ఒకే పద్ధతితో నడిపించాలని చూస్తే ఏదో ఒకచోట దెబ్బ తింటాం.

రెండో ప్రశ్న: లాభం రావాలంటే ఎవరి పని తీరు మారాలి? అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ఒక సంస్థ కస్టమర్ల కోసం సెల్ఫ్ సర్వీస్ పోర్టల్ కడుతోందనుకుందాం. ఇప్పుడు కాల్ సెంటర్‌కు నెలకు 40,000 కాల్స్ వస్తున్నాయి, రెండేళ్లలో వాటిని 28,000కు తగ్గించాలన్నది లక్ష్యం. బిజినెస్ కేసులో ఆ తేడాను ఒక్కో కాల్ ఖర్చుతో గుణించి ఇంత ఆదా అని చూపిస్తారు. పోర్టల్ బాగా కుదిరింది, కాల్స్ నిజంగానే తగ్గాయి అనుకుందాం. ఆదా వచ్చినట్టేనా? కాల్ సెంటర్‌లో షిఫ్టులు అలాగే ఉండి, కాంట్రాక్టులో సీట్ల సంఖ్య మారకపోతే ఒక్క రూపాయి కూడా మిగలదు. ఉన్నవాళ్లకు కాస్త ఊపిరి ఆడుతుంది, అంతే. అది కూడా మంచిదే, కానీ బిజినెస్ కేసులో రాసింది అది కాదు.

మిగిలిన సమయం వేరు, మిగిలిన డబ్బు వేరు. ఒక్కో ఉద్యోగికి రోజుకు పది నిమిషాలు ఆదా అయితే, దాన్ని ఉద్యోగుల సంఖ్యతో, జీతంతో గుణించి కోట్లలో చూపించే లెక్కలు తరచూ కనిపిస్తుంటాయి. ఆ పది నిమిషాలు ఎక్కడికి వెళ్తున్నాయో నిర్ణయించే మేనేజర్ లేకపోతే ఆ కోట్లు ఎవరి ఖాతాలోనూ పడవు. అందుకే ప్రతి లాభం పక్కనా ఇది నగదుగా తేలుతుందా, నాణ్యతగా మిగులుతుందా అని ముందే రాసుకోవాలి. నగదుగా తేలేదైతే ఎవరి బడ్జెట్ ఎప్పుడు ఎంత తగ్గుతుందో ఆ బడ్జెట్ యజమాని ఒప్పుకున్నట్టు ఉండాలి. ఆ ఒప్పుకోలు దొరకడం లేదంటే ఆ లాభం కాగితం మీదదేనని పనికి ముందే తెలిసిపోయినట్టు. అది తెలియడం కూడా మేలే.

మూడో ప్రశ్న: లాభం వచ్చే నాటికి ఎవరు మిగిలి ఉంటారు? ఒకే ప్రొడక్ట్ మీద ఏళ్ల తరబడి పనిచేసే టీమ్ ఉంటే కొలిచేదీ, సరిదిద్దేదీ వాళ్లే. ప్రాజెక్టుగా మొదలై తొమ్మిది నెలలకు చెదిరిపోయే టీమ్ అయితే, ముఖ్యంగా బయటి వెండర్ టీమ్ అయితే, కొలిచే బాధ్యతను మొదటి రోజునుంచే వేరొకరి చేతిలో పెట్టాలి.

ఈ మూడు జవాబులూ చేతిలో పెట్టుకుని పద్ధతుల దగ్గరకు వస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

బ్యాక్‌లాగ్ ఒక్కటే చాలనుకోవడం

ప్రత్యేక పద్ధతేదీ లేకుండా, ప్రొడక్ట్ ఓనర్ విచక్షణతో బ్యాక్‌లాగ్ (చేయాల్సిన పనుల జాబితా) వరుసను నిర్ణయించడం. దీన్ని కొట్టిపారేయక్కర్లేదు. లాభం వారాల్లో కనిపించేదైతే, టీమ్ నిలకడగా ఉంటే, రెండు రూపాలను పక్కపక్కనే విడుదల చేసి ఏది మేలో తేల్చే ఏ/బి టెస్టింగ్ వీలుంటే ఇదే అన్నిటికంటే చవక, అన్నిటికంటే వేగం. అలాంటి చోట బెనిఫిట్స్ రిజిస్టర్ పెడితే మొక్కుబడి పని తప్ప మిగిలేదేమీ లేదు.

లాభం ఆరు నెలలు దాటితే మాత్రం ఇది సరిపోదు. గట్టిగా అడిగేవారి కోరికలు పైకి వెళ్తాయి, దూరంగా ఉన్న లాభం కిందికి జారుతుంది. ప్రొడక్ట్ ఓనర్ ఎంత సమర్థులైనా, ఆ దూరపు లాభం ఎక్కడో రాసి లేకపోతే దాని తరఫున వాదించడానికి వారి చేతిలో ఆధారం ఉండదు.

బెనిఫిట్స్ రిజిస్టర్: పాతదే, పనికొచ్చేదే

పెద్ద ప్రభుత్వ కార్యక్రమాల అనుభవం నుంచి వచ్చిన పద్ధతి ఇది. బ్రిటన్ ప్రభుత్వం 1999లో తెచ్చిన ఎంఎస్‌పీ (మేనేజింగ్ సక్సెస్‌ఫుల్ ప్రోగ్రామ్స్) మార్గదర్శకాల ద్వారా బాగా వ్యాపించింది. ప్రతి లాభానికీ ఒక ప్రొఫైల్ ఉంటుంది: అది ఏమిటి, ఎవరిది, ఇప్పటి స్థాయి ఎంత, ఎప్పటికి ఎంత కావాలి, ఎలా కొలుస్తాం, ఏ పని మీద ఆధారపడి ఉంది. ఇందులో నాకు బాగా నచ్చేవి రెండు. ఒకటి, లాభంతో పాటు వచ్చే నష్టాన్ని కూడా నమోదు చేయమంటుంది. పోర్టల్ వచ్చాక సులువైన సమస్యలన్నీ అక్కడే తీరిపోతాయి, కాల్ సెంటర్‌కు చిక్కు సమస్యలే వస్తాయి, ఒక్కో కాల్‌కు పట్టే సగటు సమయం పెరుగుతుంది. ముందే రాసి ఉంచకపోతే, అది చూసి కాల్ సెంటర్ సిబ్బంది పనితీరు పడిపోయిందని ఎవరో నింద వేస్తారు. రెండోది, బిజినెస్ చేంజ్ మేనేజర్ అనే పాత్ర. వ్యవస్థను కట్టేవాళ్లు కాకుండా, దాన్ని వాడే విభాగంలోనే ఉంటూ అక్కడి పని తీరును మార్చే బాధ్యత ఈ మనిషిది.

ఎజైల్ టీమ్‌కు ఇది ఎక్కడ అడ్డొస్తుంది? మొదట్లో ఒకసారి రాసి తాళం వేసేస్తారు. మూడు రిలీజ్‌ల తర్వాత పోర్టల్‌లో కస్టమర్లు అనుకున్న పని కాకుండా వేరే పని ఎక్కువగా చేసుకుంటున్నారని తేలుతుంది. టీమ్ దిశ మార్చుకుంటుంది. రిజిస్టర్ మాత్రం పాత లాభాలనే పట్టుకుని కూర్చుంటుంది. చివరికి రెండూ రెండు వేర్వేరు ప్రాజెక్టుల్లా కనిపిస్తాయి. దీనికి మందు సులభమే: రిజిస్టర్‌ను ఒక పేజీకి కుదించి, అయిదారు లాభాలకు మించకుండా చూసి, మూడు నెలలకోసారి తప్పనిసరిగా తెరవాలి. లాభాలను మార్చవచ్చు, తీసేయవచ్చు. ఎందుకు మార్చామో ఒక వాక్యం రాయాలి. ఆ ఒక్క వాక్యమే తర్వాత వచ్చే ఆడిటర్‌కూ, కొత్తగా చేరే స్పాన్సర్‌కూ నమ్మకం కలిగిస్తుంది.

వెండర్‌తో నడిచే ప్రాజెక్టుకూ, ప్రజాధనంతో నడిచే ప్రాజెక్టుకూ, లాభం ఏడాది దాటాక వచ్చే దేనికైనా నేను మొదట చూసేది దీన్నే.

డిపెండెన్సీ నెట్‌వర్క్, ఇంపాక్ట్ మ్యాప్

ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్ స్కూల్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌లో రూపుదిద్దుకున్న బెనిఫిట్స్ డిపెండెన్సీ నెట్‌వర్క్ ఒకే బొమ్మ. కుడి చివర సంస్థ లక్ష్యాలు, వాటికి ఎడమపక్క లాభాలు, ఆ తర్వాత బిజినెస్‌లో శాశ్వతంగా రావాల్సిన మార్పులు, ఆ మార్పులకు వీలు కల్పించే ఒక్కసారి పనులు, ఎడమ చివర ఐటీ. గీయడం కుడి నుంచి ఎడమకు. ఈ వరుసలోనే దాని బలమంతా ఉంది. సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టి దీనివల్ల ఏం లాభమో వెతుక్కోకుండా, లాభంతో మొదలుపెట్టి దీనికి ఏం కావాలో వెతుకుతాం.

మన పోర్టల్ బొమ్మ గీస్తే ఏమవుతుందో చూడండి. ఖర్చు తగ్గాలి. దానికి కాల్స్ తగ్గాలి. దానికి షిఫ్టుల ప్రణాళిక మారాలి, కాంట్రాక్టును తిరగరాయాలి, పంపే ప్రతి బిల్లు మీదా ఫోన్ నంబర్ కంటే ముందు పోర్టల్ చిరునామా ఉండాలి. ఇన్ని వచ్చాక గానీ పోర్టల్ రాదు. పెట్టెల్లో సగానికి పైగా ఐటీ టీమ్ చేతిలో లేనివే. గంటన్నర వర్క్‌షాప్‌లో ఈ సంగతి గోడమీద కనిపించగానే చర్చ తీరే మారిపోతుంది. అవతలి విభాగాల వాళ్లు తమ పేరు ఎక్కడ రాశారో చూసుకోవడం మొదలుపెడతారు.

ఇంపాక్ట్ మ్యాప్ దీనికి చిన్న చెల్లెలు. లక్ష్యం, దాన్ని ప్రభావితం చేసే మనుషులు, వాళ్ల ప్రవర్తనలో రావాల్సిన మార్పు, చివరగా మనం కట్టేది. ఒక టీమ్, మూడు నెలల పని అయితే ఇదే చాలు, ఇంకా తేలిక కూడా. పలు విభాగాలు కలిసి మారాల్సి వస్తే డిపెండెన్సీ నెట్‌వర్క్ వైపే వెళ్లాలి.

ఈ రెండూ ఆలోచనకు పనికొచ్చేవి, కొలిచి నడిపించేవి కావు. బొమ్మ గీసి ఫొటో తీసి వదిలేస్తే ప్రయోజనం లేదు. ఆ పెట్టెలు రిజిస్టర్‌లోకో ఓకేఆర్‌లోకో వెళ్లాలి.

ఓకేఆర్: త్రైమాసికం దాటి చూడగలిగితేనే

1970లలో ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ మొదలుపెట్టి, 1999లో జాన్ డోర్ గూగుల్‌కు తీసుకెళ్లిన పద్ధతి. ఒక లక్ష్యం, అది నెరవేరిందని చెప్పే కొన్ని కీలక ఫలితాలు. ఎజైల్ టీమ్‌ల లయకు ఇది బాగా అతుకుతుంది. మూడు నెలలంటే ఆరేడు స్ప్రింట్లు, దిశ సరిచూసుకోవడానికి అనువైన వ్యవధి.

దీర్ఘకాలిక లాభాల విషయంలో దీనికి రెండు జబ్బులున్నాయి. కీలక ఫలితాల స్థానంలో పనుల జాబితా వచ్చేస్తుంది. పోర్టల్ రెండో విడత విడుదల చేయడం అన్నది ఫలితం కాదు, పని. ఇంకో జబ్బు మరింత లోతైనది: మూడు నెలల్లో కదలని అంకె ఏదైనా జాబితాలోంచి మాయమవుతుంది. రెండేళ్లకు వచ్చే లాభం ఏ త్రైమాసికంలోనూ కదిలినట్టు కనిపించదు కాబట్టి దాన్ని ఎవరూ రాసుకోరు.

దీనికి జవాబు ముందస్తు సూచికలు. కాల్స్ సంఖ్య నెమ్మదిగా కదిలే అంకె. దానికంటే ముందు కదిలేవి వేరే ఉంటాయి: పోర్టల్‌లో మొదలుపెట్టిన పనిని చివరిదాకా పూర్తిచేసుకున్నవారి శాతం, పోర్టల్‌కు వచ్చి వెళ్లిన కస్టమర్ ఏడు రోజుల్లోపు మళ్లీ ఫోన్ చేసిన సందర్భాల శాతం. ఈ రెండోది చాలా విలువైన అంకె. రిజిస్టర్ అయిన వినియోగదారుల సంఖ్య ఎంత పెరిగినా, వాళ్లంతా పోర్టల్‌లో విసిగిపోయి ఫోనే చేస్తుంటే ఇది వెంటనే బయటపెడుతుంది. వార్షిక లక్ష్యం పైన పెట్టి, దాని కింద ఇలాంటి త్రైమాసిక సూచికలు రాసుకుంటే ఓకేఆర్ దూరపు లాభానికి కూడా పనిచేస్తుంది. అయితే ముందస్తు సూచిక కదిలితే అసలు లాభం కూడా కదులుతుందన్నది మన ఊహ మాత్రమే. ఏడాదికి రెండుసార్లైనా రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆ ఊహ నిలబడుతోందో లేదో చూడాలి.

బోనస్‌లను ఈ అంకెలకు ముడిపెట్టకండి. కొలమానం లక్ష్యంగా మారిన క్షణం నుంచి అది మంచి కొలమానంగా ఉండదన్న గుడ్‌హార్ట్ సూత్రం ఇక్కడ అక్షరాలా నిజం. కాల్స్ తగ్గించమని బోనస్ పెడితే ఫోన్ నంబర్‌ను వెబ్‌సైట్‌లో దాచేస్తారు. కాల్స్ తగ్గుతాయి, కస్టమర్లూ తగ్గుతారు.

కాస్ట్ ఆఫ్ డిలే, డబ్ల్యూఎస్‌జేఎఫ్

ఎన్నో టీమ్‌లతో ఎజైల్ నడిపే సేఫ్ (స్కేల్డ్ ఎజైల్ ఫ్రేమ్‌వర్క్) పద్ధతి వాడే పెద్ద సంస్థల్లో ప్రాధాన్యం తేల్చేది డబ్ల్యూఎస్‌జేఎఫ్ (వెయిటెడ్ షార్టెస్ట్ జాబ్ ఫస్ట్) సూత్రంతోనే. ఆలస్యం వల్ల కలిగే నష్టాన్ని పని పరిమాణంతో భాగిస్తారు. ఆ నష్టంలో మూడు భాగాలు: వినియోగదారుకు, బిజినెస్‌కు ఉన్న విలువ, సమయం ఒత్తిడి, రిస్క్ తగ్గించే లేదా కొత్త అవకాశాలు తెరిచే గుణం. వీటికి 1, 2, 3, 5, 8, 13, 20 లాంటి సాపేక్ష అంకెలు ఇస్తారు.

ఒక లెక్క వేసి చూద్దాం. పాత డేటాబేస్‌ను మార్చే పనికి 3, 2, 13 వచ్చాయి. మొత్తం 18, పరిమాణం 20. భాగిస్తే 0.9. రిపోర్టు స్క్రీన్‌లో కొత్త ఫిల్టర్‌కు 3, 3, 1 వచ్చాయి. మొత్తం 7, పరిమాణం 1. భాగిస్తే 7. ఫిల్టర్ ముందుకెళ్తుంది. ఈసారికి అది సబబే. కానీ వచ్చే త్రైమాసికంలో ఇంకో ఫిల్టర్ వస్తుంది, ఆ తర్వాత ఇంకో బటన్. డేటాబేస్ పని ఎప్పటికీ 0.9 దగ్గరే నిలబడి చూస్తుంటుంది. చిన్న పనుల వైపు మొగ్గడం ఈ సూత్రంలోనే ఉంది. స్వల్పకాలంలో అది బలం, దీర్ఘకాలంలో అది బలహీనత.

కాబట్టి దీన్ని ఎంచుకుంటే పక్కన రెండు కట్టుబాట్లు తప్పనిసరి. పునాది పనులకు టీమ్ సామర్థ్యంలో కొంత భాగాన్ని ముందే కేటాయించి, ఆ భాగంలో అవి తమలో తాము మాత్రమే పోటీపడేలా చూడాలి. పెద్ద పనిని, ఒక్కో ముక్క దానంతట అది లాభం ఇచ్చేలా విడగొట్టాలి. ఇంకో మాట: ఈ సూత్రం ఏది ముందో చెబుతుంది, లాభం వచ్చిందో లేదో చెప్పదు. అంచనా వేసిన విలువను తర్వాత ఎవరూ సరిచూడకపోతే అంకెలు ఏటేటా ఉబ్బుతూ పోతాయి. సేఫ్‌లోనే పెద్ద పనులకు లాభం గురించిన ఊహను రాసి, కనీస రూపాన్ని విడుదల చేసి, ఆ ఊహ నిజమైతేనే కొనసాగాలన్న నియమం ఉంది. డబ్ల్యూఎస్‌జేఎఫ్‌ను పట్టుకుని ఆ నియమాన్ని వదిలేసిన చోట సగం పద్ధతే అమల్లో ఉన్నట్టు.

ఎవిడెన్స్ బేస్డ్ మేనేజ్‌మెంట్

స్క్రమ్‌లో శిక్షణ ఇచ్చే స్క్రమ్ డాట్ ఆర్గ్ సంస్థ వారి ఈ చట్రం నాలుగు వైపుల నుంచి చూడమంటుంది: ఇప్పుడు అందుతున్న విలువ, ఇంకా అందని విలువ, మార్కెట్‌కు చేరే వేగం, కొత్తదనం చేయగల శక్తి. రెండోది మంచి ఆలోచన. కస్టమర్‌కు ఇంకా తీరని అవసరం ఎంత మిగిలిందో చూస్తే ఈ ప్రొడక్ట్ మీద ఇంకా ఖర్చు పెట్టాలా, ఆపేయాలా అన్నది తేలుతుంది. నిలకడైన ప్రొడక్ట్ టీమ్‌కు సరిపోతుంది. ముగింపు తేదీ ఉన్న ప్రాజెక్టుకు ఇది ఒక్కటే చాలదు.

ఒక పెద్ద ఉదాహరణ

బ్రిటన్‌లో ఆరు రకాల సంక్షేమ చెల్లింపులను ఒక్కటిగా కలిపే యూనివర్సల్ క్రెడిట్ కార్యక్రమం మొదట్లో ఎజైల్ పద్ధతులతో నడిచింది. 2013లో దాన్ని ఆపి మళ్లీ కుదుర్చుకోవాల్సి వచ్చింది. అప్పటికే 3.4 కోట్ల పౌండ్ల విలువైన కొత్త ఐటీని రద్దుపద్దులో రాసినట్టు ఆ దేశ జాతీయ ఆడిట్ కార్యాలయం అదే ఏడాది సెప్టెంబర్‌లో వెల్లడించింది. ఆ నష్టం గురించి అందరూ మాట్లాడారు. మన విషయానికి అంతకంటే ముఖ్యమైనది 2018 జూన్‌లో అదే కార్యాలయం చెప్పిన మాట. ఈ కార్యక్రమం వల్ల అదనంగా 2 లక్షల మంది ఉద్యోగాల్లోకి వస్తారన్నది ప్రధాన లాభాల్లో ఒకటి. అది నిజంగా జరిగిందో లేదో ఆ శాఖకు ఎప్పటికీ కొలిచే వీలుండదని ఆడిట్ తేల్చింది. ఉపాధిని ప్రభావితం చేసే మిగతా ఆర్థిక కారణాల నుంచి ఈ కార్యక్రమం ప్రభావాన్ని విడదీయలేకపోవడమే కారణం.

లాభం ఎంత దూరంగా, ఎంత పెద్దగా ఉంటే దాని మీద అంత ఎక్కువగా ఇతర కారణాలు పనిచేస్తాయి. అందుకే పెద్ద లాభాన్ని రాసేటప్పుడే దానికీ మన పనికీ మధ్య ఉన్న చిన్న చిన్న మెట్లను కూడా రాయాలి, వాటిలో మన ప్రభావం విడిగా కనిపించేవాటిని కొలవాలి. ఎజైల్ ఇక్కడ ఒక గొప్ప వరం ఇస్తుంది. అందరికీ ఒకేసారి కాకుండా విడతలుగా విడుదల చేస్తాం కదా. ముందు కొన్ని శాఖలకు ఇచ్చి, మిగతావాటిని కొన్ని నెలలు పాత పద్ధతిలో ఉంచితే పోల్చి చూడడానికి ఆధారం దానంతట అదే దొరుకుతుంది. ముందెవరికి ఇవ్వాలన్నది ఎవరు ఉత్సాహంగా ఉన్నారో చూసి కాకుండా, పోలిక కుదిరేలా నిర్ణయించాలి. ఉత్సాహంగా ఉన్న శాఖలు ఏ వ్యవస్థతోనైనా బాగానే చేస్తాయి, అందువల్ల ఆ అంకెలు మోసం చేస్తాయి.

పాత స్థాయిని ముందే కొలిచి పెట్టుకోవడం కూడా ఇక్కడే వస్తుంది. సీజన్‌ను బట్టి మారే అంకె అయితే కనీసం 12 నెలల పాత డేటా కావాలి. రిలీజ్ అయ్యాక పాత స్థాయి కోసం వెతికితే చాలాసార్లు పాత వ్యవస్థ లాగ్‌లు కూడా ఉండవు.

మీ పరిస్థితికి ఏది

నిలకడైన టీమ్, వారాల్లో తెలిసే ఫలితం ఉంటే బ్యాక్‌లాగ్, ఓకేఆర్ చాలు. రిజిస్టర్ జోలికి వెళ్లకండి.

వెండర్‌తో, ముగింపు తేదీతో, పలు విభాగాల మార్పుతో నడిచే ప్రాజెక్టు అయితే ముందు డిపెండెన్సీ నెట్‌వర్క్ గీసి, దాని నుంచి ఒక పేజీ రిజిస్టర్ తీయండి. ప్రతి లాభం పక్కనా సంస్థ లోపలి మనిషి పేరు ఉండాలి. హోదా కాదు, పేరు. ఆ మనిషి మారితే బాధ్యత ఎవరికి అప్పగించారో కూడా రాయాలి.

పదుల సంఖ్యలో టీమ్‌లు ఒకే బడ్జెట్ కోసం పోటీపడే చోట డబ్ల్యూఎస్‌జేఎఫ్ వాడవచ్చు. కానీ సామర్థ్యం కేటాయింపు, ఊహల సరిచూపు లేకుండా వద్దు.

చట్టం అడిగిన మార్పు అయితే లాభాలు కల్పించకండి. గడువులోపు చేయాలి, లేకపోతే జరిమానా. అక్కడ నిర్వహించాల్సింది ఖర్చునూ తేదీనీ. బలవంతంగా లాభాల పట్టిక నింపితే మిగతా పట్టికల మీద కూడా నమ్మకం పోతుంది.

సాంకేతిక అప్పు (తొందరలో రాసిన కోడ్‌లో తర్వాతకు వదిలేసిన లోపాల భారం) తీర్చే పనులు కష్టమైన కోవ. 1992లో ప్రోగ్రామర్ వార్డ్ కనింగ్‌హామ్ ఈ పోలిక తెచ్చినప్పటి నుంచి దాన్ని మేనేజ్‌మెంట్‌కు అర్థమయ్యేలా చెప్పడం టీమ్‌లకు తలనొప్పిగానే ఉంది. ఎంత తరచుగా రిలీజ్ చేయగలుగుతున్నాం, కోడ్ రాసినప్పటి నుంచి విడుదలకు ఎంత సమయం పడుతోంది, రిలీజ్‌లలో ఎన్ని విఫలమవుతున్నాయి, విఫలమైతే కోలుకోవడానికి ఎంతసేపు పడుతోంది అన్న నాలుగు కొలతలు, సాఫ్ట్‌వేర్ టీమ్‌ల పనితీరును పరిశోధించే డోరా వారివి, ఇక్కడ బాగా పనిచేస్తాయి. కోడ్ శుభ్రమైందంటే ఎవరూ వినరు. మార్పు బయటికి రావడానికి ఆరు వారాలు పట్టేది ఇప్పుడు ఆరు రోజులే పడుతోందంటే ఆర్థిక విభాగం కూడా వింటుంది.

ఇప్పటికే సగం దారిలో ఉంటే

చాలామంది ఈ ప్రశ్నలు వేసుకునేది ప్రాజెక్టు నడుస్తున్నప్పుడే. అప్పుడు మొత్తం మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు. బిజినెస్ కేసు తెరిచి అందులోని లాభాల్లో మూడింటిని ఎంచండి, ఎక్కువ డబ్బు ముడిపడి ఉన్నవి. ఒక్కోదానికి ఇప్పటి స్థాయి ఈ వారమే కొలవండి, పూర్తి కచ్చితంగా రాకపోయినా సరే. యజమాని పేరు అడగండి. ఎవరూ ముందుకు రాకపోతే స్టీరింగ్ కమిటీలో ఆ లాభాన్ని కేసులోంచి తీసేయాలని ప్రతిపాదించండి. తీసేయడానికి ఒప్పుకోని మనిషే చాలాసార్లు దాని యజమానిగా తేలతారు.

మూడు నెలల సమీక్షకు రిలీజ్ సమీక్షతో సంబంధం పెట్టకండి. రెండూ కలిపితే డెమో సమయమంతా తినేస్తుంది. ఈ సమీక్షలో కోడ్ మాట రాకూడదు. లాభం అంకె, ముందస్తు సూచిక, వాటి మధ్య బంధం ఇంకా నిలబడుతోందా, ఈ పని కొనసాగించాలా ఆపాలా అన్న నాలుగే విషయాలు. ఆపాల్సి వస్తే అప్పటిదాకా ఖర్చయిన డబ్బును ఆ లెక్కలోకి రానివ్వకండి. ఇకముందు పెట్టబోయే ఖర్చు, ఇకముందు రాబోయే లాభం, ఈ రెండే చూడాలి.

ప్రాజెక్టు మూసేసే రోజుకు రిజిస్టర్ అప్పగింత కూడా పూర్తికావాలి. తర్వాతి సమీక్షలు ఏ తేదీల్లో జరుగుతాయో, ఆ డేటా చూసే యాక్సెస్ ఎవరికి ఉందో, సమీక్ష చేసే మనిషికి నెలకు ఎన్ని గంటలు కేటాయించారో ముగింపు పత్రంలో రాయాలి. ఆ గంటల ఖర్చు ప్రాజెక్టు బడ్జెట్ నుంచి కాకుండా, లాభం పొందే విభాగం బడ్జెట్ నుంచి రావాలి. డబ్బు తమది అయినప్పుడు ఆ అంకెలను అడిగి తెప్పించుకునేది కూడా ఆ విభాగమే.